పాత టేకులోనే చేవ

2022 జూలైలో గోదావరి వరద యానాం వీధుల్ని ముంచేసింది. నీళ్లు లాగాక ఏ ఇంటికి ఏ కలప వాడారో తలుపు చూస్తే తెలిసిపోయింది. ప్లైవుడ్ పొరలు పొరలుగా విడిపోయింది. మామిడి చెక్క ఉబ్బి ద్వారబంధంలో బిగుసుకుపోయింది. పాతకాలపు టేకు తలుపులు మాత్రం బురద కడిగి ఆరనిస్తే ఎప్పట్లాగే తెరుచుకున్నాయి.

టేకు చేవలో సహజంగా నూనె ఉంటుంది. అందుకే తడికి ఉబ్బడం, ఎండకు వంకర పోవడం తక్కువ. చెదలు త్వరగా పట్టవు. దిగ్గొట్టిన ఇనుప మేకునూ అది తినేయదు. ఓడలు కట్టేవాళ్లు దీన్ని ఏరికోరి వాడింది ఇందుకే. 1817లో బొంబాయిలో మలబారు టేకుతో కట్టిన ట్రింకోమలీ యుద్ధనౌక నేటికీ ఇంగ్లండులోని హార్టిల్‌పూల్‌లో నీటి మీదే ఉంది. మన పక్కనున్న కోరంగి కూడా ఓడలు కట్టిన రేవే. 1839 తుపాను దాన్ని తుడిచిపెట్టింది. ఎగువనున్న అడవుల నుంచి టేకు దుంగల్ని తెప్పలు కట్టి గోదావరి మీదే రాజమండ్రికి దించేవారు.

పాత దూలం మీద చిత్రిక పడుతుంటే చూడాలి. మొదటి పొరలో బూడిదరంగు పోతుంది, రెండో పొరకు తోలు వాసన లేస్తుంది, చెయ్యి పెడితే జిడ్డు తగులుతుంది. కొత్తగా తేలిన చెక్క ముందు మచ్చలుమచ్చలుగా ఉంటుంది. వెలుతురు తగిలిన కొద్దిరోజులకు బంగారు గోధుమరంగుకు తిరుగుతుంది. పనిముట్లకు మాత్రం ఇది కష్టమే. చెక్కలో సిలికా ఉండటంతో ఉలి, చిత్రిక తొందరగా మొద్దుబారతాయి. జిగురు పట్టించేముందు నూనె పోయేలా థిన్నరుతో తుడవాలి. పొడి కొందరికి దురద పుట్టిస్తుంది, ముక్కుకు గుడ్డ కట్టుకోవడం మంచిది.

2014లో టేకు దుంగల ఎగుమతిని బర్మా ఆపేసింది. తోటల్లో పదిహేను, ఇరవై ఏళ్లకే కొట్టిన చెట్టు కూడా టేకు పేరుతోనే అమ్ముడుపోతుంది. కొనేవాళ్లు దుంగ కొసను చూడాలి. మధ్యనున్న ముదురు రంగు చేవ ఎంత, చుట్టూ ఉన్న తెల్లటి చెక్క ఎంత అని. నూనె, మన్నిక అన్నీ ఆ ముదురు రంగులోనే ఉన్నాయి. తెల్ల చెక్కను చెదలు వదలవు.

అందుకే ఊళ్లో పెంకుటిళ్లు పడగొట్టి దూలాలు, ద్వారబంధాలు పాత సామాన్ల కింద అమ్మేస్తుంటే నా మనసు ఒప్పుకోదు. పెద్ద చెట్ల చేవ అది, మళ్లీ దొరకదు. వడ్రంగిని పిలిచి, మేకులన్నీ పీకించి కోత మిల్లుకు పంపండి. లోపల ఒక్క మేకు మిగిలినా రంపం పళ్లు విరుగుతాయి.