రెండు రిషభాల నడుమ: ఫాక్‌లాండ్ రోడ్డు నుంచి సంగీత ప్రవేశికల పరిశీలన

సంగీతోపాధ్యాయులు కాదలచిన వారి కోసం తెలుగులో వచ్చిన ప్రవేశ గ్రంథాలకు ఒక స్థిరమైన నడక ఉంది. నాదోత్పత్తితో మొదలై, శ్రుతి స్వర లక్షణం, సప్త తాళాలు, డెబ్బైరెండు మేళకర్తలు, నాలుగు విధాల వాద్యాలు, చివర వాగ్గేయకారుల చరిత్ర: ఇదీ వరుస. పరీక్షకు ఈ వరుస చాలు. అయితే ఈ పుస్తకాన్ని చంకన పెట్టుకొని తెలుగు నేలకు దూరంగా, అన్య సంగీతాల మధ్య పెరిగిన పిల్లల ముందు నిలబడే ఉపాధ్యాయునికి ఇది ఎంతవరకు తోడ్పడుతుంది అన్నదే ఈ వ్యాసంలోని ప్రశ్న. ఇందుకు ముంబైలోని ఫాక్‌లాండ్ రోడ్డును, దానిని ఆనుకొని ఉన్న కామాఠీపురాను ఉదాహరణగా తీసుకుంటున్నాను.

కామాఠీపురా పేరు కామాఠీలది. నిజాం రాజ్యంలోని తెలుగు ప్రాంతాల నుంచి కట్టడపు పనులకు వచ్చి, ఇక్కడి చాళ్లలో స్థిరపడిన కూలిజనానికి ముంబై పెట్టిన పేరది. ఫాక్‌లాండ్ రోడ్డు పేరు మాత్రం 1848 నుంచి 1853 వరకు బొంబాయి గవర్నరుగా ఉన్న లార్డ్ ఫాక్‌లాండ్‌ది. ఇప్పుడు దాని అధికారిక నామం పఠ్ఠే బాపూరావ్ మార్గ్. బాపూరావ్ బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, తమాషా బృందాలలో కలిసి, లావణీలు కట్టి, 1945లో కన్నుమూసిన కవిగాయకుడు. ఒక పాటగాని పేరు పెట్టుకున్న వీధి ఇది. అయినా లోకానికి ఈ వీధి పేరు చెప్పగానే గుర్తుకు వచ్చేది పాట కాదు. అక్కడి నుంచి వచ్చానని చెప్పుకోవడానికి జంకే తెలుగు విద్యార్థులకు ఈ సంగతి మొదట తెలియాలి.

‘శుద్ధ’ శబ్దం తెచ్చే చిక్కు

ముంబై బడిలో హార్మోనియం ముందు కూర్చున్న పిల్లవాడు స-రి-గ-మ పలికితే అది బిలావల్ థాట్. మన పద్ధతిలో చెప్పాలంటే ధీరశంకరాభరణం. అదే పిల్లవాడి చేతికి తెలుగు ప్రవేశిక ఇస్తే అందులోని సరళీ వరుసలు మాయామాళవగౌళలో ఉంటాయి. ఈ క్రమాన్ని ఏర్పరచినవారు పురందరదాసు అని సంప్రదాయం. ఇక్కడి రిషభ ధైవతాలు అక్కడి వాటికంటే ఒక మెట్టు కిందివి. పిల్లవాడు అలవాటు చొప్పున రిషభాన్ని పైకి పాడతాడు. ఉపాధ్యాయుడు ‘అపస్వరం’ అంటాడు. పుస్తకం సాక్ష్యం ఉపాధ్యాయుని పక్షానే ఉంటుంది. పిల్లవాడికి సంగీతం రాదని తీర్పు జరిగిపోతుంది.

నిజానికి అక్కడ జరిగింది తప్పు కాదు, పరిభాషల ఘర్షణ. కర్ణాటక పద్ధతిలో ‘శుద్ధ రిషభం’ అంటే అన్నిటికంటే కింది రిషభం. హిందుస్థానీలో దాని పేరు ‘కోమల్’. హిందుస్థానీవారి ‘శుద్ధ రిషభం’ మన చతుశ్రుతి రిషభం. ఒకే మాట రెండు స్థానాలను చెబుతున్నది. స్వరస్థానాలు పన్నెండు, నామాలు పదహారు అని శ్రద్ధగా పట్టిక వేసే ప్రవేశికలు, దాని పక్కన ఇంకొక నిలువు గీత గీసి హిందుస్థానీ పేర్లు రాస్తే ఈ చిక్కు తీరుతుంది. మనం సాధారణంగా ఆ గీత గీయము.

రాగాలలోనూ ఇదే పరిస్థితి. మోహనం భూపాలీకి, కల్యాణి యమన్‌కు దగ్గర అని చెప్పడం తేలిక. ప్రమాదం పేర్లు కలిసి స్వరాలు కలవని చోట ఉంది. మన తోడి స్వరాలు వారి భైరవివి. వారి తోడి స్వరాలు మన శుభపంతువరాళివి. మన హిందోళం వారి మాల్‌కౌంస్. వారి హిందోల్ వేరొక రాగం. తాళాలలో రూపకం ఇంకొక ఉదాహరణ. మనకు అది ద్రుతం, చతురశ్ర లఘువు కలిసిన ఆరక్షరాలు. వారికి ఏడు మాత్రలు. లెక్కకు వారి రూపక్ మన మిశ్రచాపుకు సమానం. ఇవి తెలియని ఉపాధ్యాయుడు తరగతిలో ఒక మాట చెబుతాడు, పిల్లలు ఇంకొక మాట వింటారు.

వాద్యాల విభాగం

తత, సుషిర, అవనద్ధ, ఘన వాద్యాలనే నాట్యశాస్త్ర విభజన నేటికీ పనికివచ్చేదే. లోపం విభజనలో లేదు, ఉదాహరణల ఎంపికలో ఉంది. అవనద్ధం అనగానే మృదంగం, తతం అనగానే వీణ. డప్పు ప్రస్తావన వస్తే ‘జానపద వాద్యాలు’ అనే వేరు శీర్షిక కింద, అదీ ఒక వాక్యంలో. చాళ్లలో పెరిగిన పిల్లవాడు ఊరేగింపులో విన్న వాద్యం శాస్త్రానికి బయట ఉండిపోతుంది.

శాస్త్రం చెప్పడానికి డప్పు కంటే మంచి సాధనం దొరకదు. చెక్క చట్రానికి బిగించిన తోలును మంట దగ్గర కాచి శ్రుతి పెంచడం చూస్తే, బిగువు పెరిగితే ధ్వని హెచ్చుతుందన్న సూత్రం చిన్నపిల్లలకు కూడా అర్థమవుతుంది. చిర్ర ఒక చేత, సిటికెన పుల్ల ఒక చేత పట్టి రెండు వేర్వేరు నాదాలు తీయడంలో తాళపు బరువు, తేలిక తెలుస్తాయి. ఆ తరువాత మహారాష్ట్ర హల్గీని చూపిస్తే అది డప్పుకు తోబుట్టువని పిల్లలే చెబుతారు. అక్కడి నుంచి మృదంగం మీది కరణికి, తబలా మీది స్యాహీకి వెళ్లవచ్చు. ఆ నల్లని పూత వల్ల ఈ వాద్యాలకు సుస్వరమైన అనుస్వరాలు కలుగుతాయని 1920లో సి.వి. రామన్, శివకాళి కుమార్ వివరించారు.

విభజనకే పరీక్ష పెట్టే వాద్యం జమిడిక. బైండ్లవారు ఎల్లమ్మ కథ చెప్పేటప్పుడు వాయించేది. ఒకవైపు తోలు, ఆ తోలు నడుమ నుంచి తీగ; తీగను లాగి మీటితే నాదం హెచ్చుతగ్గులవుతుంది. మహారాష్ట్రలో ఎల్లమ్మ భక్తుల చౌండకం ఇలాంటిదే. తమాషాలోని తుణ్‌తుణేలో కూడా తీగ తోలును అంటే ఉంటుంది. ఇది తతమా, అవనద్ధమా? పండితులు వాదించిన ప్రశ్న ఇది. ప్రవేశికలో ఈ ప్రశ్న వేస్తే విద్యార్థి విభజనను వల్లించడం మాని దానితో ఆలోచించడం మొదలుపెడతాడు. ఒకే దేవత కథకు రెండు భాషలలో ఒకే జాతి వాద్యం తోడుండటం తులనాత్మక అధ్యయనానికి కూడా మంచి విషయం.

హార్మోనియం విషయంలో పుస్తకాలు రెండు మాటలతో సరిపెడతాయి: పరాయిది, గమకం పలకదు. రెండూ నిజమే. ఆకాశవాణి 1940లో దానిని నిషేధించి మూడు దశాబ్దాలు దూరంగా ఉంచింది. అయినా మన పద్యనాటకం దాని అండన పెరిగింది. ఫాక్‌లాండ్ రోడ్డు దగ్గరి పీలా హౌస్ పేరే ‘ప్లే హౌస్’కు వాడుక రూపం. 1846లో వెలసిన గ్రాంట్ రోడ్డు నాటకశాలలో 1853లో పారసీ నాటక మండలి ప్రదర్శన మొదలైంది. ఆ పారసీ నాటకపు బాణీలు తరువాత మన రంగస్థలం దాకా వచ్చాయి. గమకానికి గొంతు, స్వరస్థానానికి హార్మోనియం అని పని పంచి చెప్పగలిగితే ఉపాధ్యాయునికి ఈ వాదంతో పని ఉండదు.

చరిత్ర ఎవరిది?

చరిత్ర భాగంలో ముంబై ఎక్కడా కనిపించదు. కనిపించవలసిన కారణాలు బలమైనవి. విష్ణు నారాయణ భాత్ఖండే 1860లో ముంబైలోని వాల్కేశ్వర్‌లో జన్మించారు. 1904లో ఆయన దక్షిణ దేశయాత్ర చేస్తూ ఎట్టయాపురంలో సుబ్బరామ దీక్షితులను కలిశారు. అదే సంవత్సరం దీక్షితుల ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ తెలుగులో అచ్చయింది. వేంకటమఖి మేళపద్ధతి భాత్ఖండే ఆలోచనకు ఆధారమైంది. రి-గలకు ఆరు, ధ-నిలకు ఆరు, మధ్యమాలకు రెండు చొప్పున డెబ్బైరెండుగా వచ్చే ఆ చట్రాన్ని తన సంగీతపు వాడుకతో సరిచూసి ఆయన పది థాట్‌లను నిలబెట్టారు. తెలుగు గ్రంథం రాసిన పండితుడు, ముంబై న్యాయవాది కలిసి మాట్లాడుకున్న ఘట్టం ముంబై తెలుగు విద్యార్థి పాఠంలో లేకపోవడం విచారకరం.

ఇంకా దగ్గరగా, కామాఠీపురాకు నడిచి వెళ్లేంత దూరంలో భిండీ బజార్ ఉంది. ఆ ఘరానాకు చెందిన అమాన్ అలీ ఖాన్ (1888–1953) కర్ణాటక సంగీతాన్ని శ్రద్ధగా విని, హంసధ్వనిని హిందుస్థానీ శ్రోతలకు పరిచయం చేసినవారిలో ముఖ్యులు. ఆ రాగం ముత్తుస్వామి దీక్షితుల తండ్రి రామస్వామి దీక్షితుల కల్పన అని ప్రసిద్ధి. వెనక్కి వెళితే, పదమూడవ శతాబ్దంలో ‘సంగీత రత్నాకరం’ రచించిన శార్ఙ్గదేవుడు నేటి మహారాష్ట్రలోని దేవగిరి ఆస్థానంలో ఉన్నవాడు. దానికి ‘సంగీత సుధాకర’ వ్యాఖ్య రాసిన సింగభూపాలుడు రాచకొండ ప్రభువు. ఆ నల్లగొండ సీమ నుంచే తరువాతి కాలంలో చేనేతవారు పొట్ట చేతపట్టుకొని ముంబై వచ్చారు. పూర్వం శాస్త్రం నడిచిన దారినే వారూ నడిచారు.

ప్రవేశికలను పారవేయమని చెప్పడం లేదు. లక్షణ భాగంలో వాటి శుద్ధి మెచ్చదగినదే. సరళీ వరుసలు కంఠసాధనకు పెట్టింది పేరు. కాని ఉపాధ్యాయ శిక్షణలో మూడు చేర్పులు అవసరం. మొదటిది, రెండు పద్ధతుల స్వర, రాగ, తాళ నామాల పట్టిక. రెండవది, వాద్యాల పాఠాన్ని పిల్లలు విన్న వాద్యంతో ప్రారంభించడం. మూడవది, ఇంట్లో బతుకమ్మ ఆడే తల్లులు చప్పట్లతో పట్టే నడకను కొలిచి, అది మూడింటి గతిలో ఉందా, నాలుగింటి గతిలో ఉందా అని పిల్లల చేతనే చెప్పించడం. ఇందుకు ఖర్చు లేదు. ఉపాధ్యాయుడు పాఠానికి ముందు ఒక్కసారి పిల్లవాడి పాట పూర్తిగా వినాలి. ఆ రిషభం ఏ పద్ధతిదో తెలుసుకున్న తరువాతే దిద్దాలి.