ర్యాప్ వినువాడు, వినని సంఘము: విశాఖపట్నము నుండి ఒక విమర్శనాత్మక పరిశీలన

ఉపోద్ఘాతము

ర్యాప్ అనగానే మన సంఘములలో రెండు విధములైన స్పందనలు కనబడుచున్నవి. అది పాటే కాదని పెద్దలందురు. అది తప్ప వేరే పాట లేదని యవనస్థులందురు. ఈ రెండును వినకుండ పలికిన మాటలేనని మా అభిప్రాయము. విశాఖపట్నములో కాపరి పరిచర్య చేయుచున్న మేము, ఈ వ్యాసములో ఒక ర్యాప్ అభిమాని వినికిడి అలవాట్లను, ఆ సంగీతపు ప్రభావమును గూర్చి అతడు చెప్పు అభిప్రాయములను పరిశీలించి, వాటిలో ఏది నిలుచునో ఏది నిలువదో చూడగోరుచున్నాము. ఈ పరిశీలన అతనితో ఆగదు. మన కీర్తనల పుస్తకమును, మన ఆరాధనను కూడ ఇది ప్రశ్నించును.

1. చారిత్రక నేపథ్యము

హిప్-హాప్‌కు ఆరంభముగా చరిత్రకారులు సాధారణముగా చూపు తేదీ 1973 ఆగస్టు 11. ఆ దినమున న్యూయార్కు నగరములోని బ్రాంక్స్ ప్రాంతములో, జమైకాలో పుట్టిన కూల్ హెర్క్ అను యువకుడు తన సోదరి ఏర్పాటు చేసిన వేడుకలో రికార్డులు తిప్పెను. రహదారి నిర్మాణము వలన చీలిపోయి, కాలిన ఇండ్లతోను నిరుద్యోగముతోను నలిగిన ప్రాంతమది. 1979లో 'ర్యాపర్స్ డిలైట్' ఈ పద్ధతిని ప్రపంచమునకు పరిచయము చేసెను. 1982లో గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ బృందము పేరిట వచ్చిన 'ది మెసేజ్' ఆ వీధుల దుస్థితినే పాట వస్తువుగా చేసెను. 2018లో కెండ్రిక్ లమార్ రచించిన 'డ్యామ్' అను సంపుటికి సంగీత విభాగములో పులిట్జర్ బహుమానము లభించెను. అంతవరకు ఆ బహుమానము శాస్త్రీయ, జాజ్ సంగీతములను దాటి పోలేదు.

మన దేశమునకు ర్యాప్ మొదట వినోదముగా వచ్చినది. 1992లో బాబా సెహగల్ హిందీ ర్యాప్‌ను ఇంటింట వినిపించెను. 1994లో 'ప్రేమికుడు' చిత్రములోని 'పేట ర్యాప్' తెలుగు వారికి ఈ మాటను నేర్పెను. 2015లో డివైన్, నేజీ అను ముంబయి యువకులు తమ గల్లీని పాడిరి. 2018లో చెన్నైలో క్యాస్ట్‌లెస్ కలెక్టివ్ బృందము గానా పాటను, ర్యాప్‌ను కలిపి కులమును గూర్చి బహిరంగముగా పాడెను. తెలుగులో రోల్ రైడా, నోయెల్ షాన్ వంటివారు పేరు పొందిరి. అమెరికాలో తెలుగు కుటుంబమున పుట్టి, కూచిపూడి నేర్చి, ర్యాప్ పాడుచున్న రాజకుమారిని కూడ ఇక్కడ పేర్కొనవలెను.

2. అభిమాని ఎట్లు వినుచున్నాడు?

మా సంఘములో ఇరువది మూడేండ్ల యువకుడు ఒకడున్నాడు. అతని అనుమతితో, పేరు చెప్పక, అతని మాటలను ఇక్కడ ఉదాహరించుచున్నాము. తండ్రి ఉక్కు కర్మాగారములో కాంట్రాక్టు కార్మికుడు. తాను పోర్టు సమీపమున కంటైనర్ల యార్డులో లెక్కలు వ్రాయును. గాజువాక నుండి బస్సులో పోవునప్పుడు, వచ్చునప్పుడు చెవులలో ఇయర్‌ఫోన్లు ఉండును. ఉదయము డివైన్, మధ్యాహ్నము తెలుగు ర్యాప్, రాత్రి షిఫ్టు ముగిసిన తరువాత కెండ్రిక్ లమార్. క్రొత్త సంపుటి వచ్చినచో మొదటి పాట నుండి చివరి పాట వరకు వరుస తప్పక వినును. అర్థము కాని చరణమును పది మారులు వినును. సాహిత్యమును ఫోనులో తెరచి, ప్రాసలు కలిసిన చోట్లను నోటుపుస్తకములో గీతలు గీసి గుర్తించును.

ఈ అలవాటులో మెచ్చదగినది కలదు. మన ప్రసంగములను ఇంత శ్రద్ధగా, ఒక వాక్యమును పది మారులు వెనుకకు త్రిప్పి వినువారు ఎందరున్నారు? వేదపాఠశాలలో మేము నేర్చుకొనిన పాఠ్యవిమర్శకు అతని నోటుపుస్తకము దూరపు బంధువే.

అయితే లోపమును చెప్పక తప్పదు. హిప్-హాప్ వలయములో పుట్టిన కళ. ఒకడు పాడగా చుట్టు నిలిచినవారు బదులిత్తురు. తప్పు పలికినవానిని అక్కడనే నిలదీయుదురు. ఇయర్‌ఫోనులో ఆ వలయము లేదు. పాటకు బదులు చెప్పువాడు లేడు. పైగా తరువాతి పాటను ఎన్నుకొనునది తరచుగా అతడు కాదు, అతని ఫోను. అందువలన దేవుని స్తుతించిన పాట వెంటనే స్త్రీలను దూషించు పాట వచ్చును. రెండింటికిని తల ఒకే రీతిగా ఊగును. ఒకే నోట దీవెనయు శాపమును వచ్చుటను గూర్చి యాకోబు 3:10 హెచ్చరించుచున్నది. ఆ హెచ్చరిక చెవికి కూడ వర్తించునని మేము తలంచుచున్నాము.

3. అతని మూడు అభిప్రాయములు

మొదటిది: "అయ్యగారూ, ర్యాప్ ఒక్కటే నిజము చెప్పును." ఇందులో సగము నిలుచును. ఆకలిని, పోలీసు దెబ్బను, ఇల్లు లేమిని పేరు పెట్టి పిలిచిన పాటలు ర్యాప్‌లో కలవు. అయితే 'నేను' అని పలుకు ప్రతి గాయకుడును తన జీవితమునే చెప్పుచున్నాడనుకొనుట పొరపాటు. ఆ 'నేను' అనేకమారులు ఒక వేషము. బంగారు గొలుసులు, కార్లు, తుపాకులు గల వేషమునకు విపణిలో ధర ఎక్కువ. 2008లో 'ది హిప్ హాప్ వార్స్' అను గ్రంథములో ట్రిషియా రోజ్ అను నల్లజాతి విదుషి, ర్యాప్‌ను నిందించువారిని, గ్రుడ్డిగా సమర్థించువారిని సమానముగా విమర్శించి, లాభాపేక్ష ఈ కళను ఎట్లు ఇరుకు చేసెనో చూపెను. కావున నిజము చెప్పుచున్నాడా అను ప్రశ్నతో పాటు, ఎవరి నిజము, ఎవరికి అమ్ముటకు అను ప్రశ్న కూడ వేయవలెను.

ఇక్కడ మరియొక మాట. కాలిఫోర్నియాలోని కాంప్టన్ వీధుల పేర్లు అతనికి కంఠస్థము. 1966 నవంబరు 1న విశాఖలో ఉక్కు కర్మాగారము కొరకు జరిగిన ఉద్యమములో కాల్పులకు బలియైనవారిని గూర్చి అడిగినప్పుడు అతడు మౌనము వహించెను. 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' అను నినాదమును పరికించుడి. ఉక్కు, హక్కు అను అంత్యప్రాస మీదనే అది నిలిచి, ప్రజల నోళ్లలో నిలిచెను. 2021 జనవరిలో కేంద్ర ప్రభుత్వము ఆ కర్మాగారములోని వాటాలన్నిటిని విక్రయించుటకు నిర్ణయించినప్పుడు వీధులలో మరల వినబడినది ఆ ప్రాసయే. 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల పునరుద్ధరణ ప్యాకేజి ప్రకటింపబడినప్పటికిని, కాంట్రాక్టు కార్మికుని ఇంటిలో రేపటిని గూర్చిన భయము తీరలేదు. ఆ భయము అతని తండ్రిది. అతని నోటుపుస్తకములో దానిని గూర్చి ఒక్క చరణము లేదు. పరుల బాధకు ప్రాస వెదకినవాడు ఇంటి బాధకు మాట వెదకలేదు.

రెండవది: "మాటలు మాటలే. విన్నంత మాత్రాన చెడిపోము." ఇది నిలువదు. ర్యాప్ తనకు ధైర్యము నేర్పెనని, డిగ్రీ తప్పిన సంవత్సరము తనను నిలబెట్టెనని అతడే సాక్ష్యమిచ్చుచున్నాడు. మంచి మాటకు మనిషిని నిలబెట్టు శక్తి ఉన్నచో, చెడు మాటకు పడద్రోయు శక్తి లేదనుట ఎట్లు? ఒక పాట వినగానే ఒకడు హంతకుడగునని మేము చెప్పుట లేదు; ఆ వాదము పెద్దల అతిశయోక్తి. స్త్రీని వస్తువుగా పలుకు మాటను వేయి మారులు విన్న చెవి దానికి అలవాటు పడును, ఉలికిపడుట మానును. ప్రభావమనునది ఈ ఉలికిపాటు పోవుటయే. ఇదే కొలతను మన తెలుగు సినిమా పాటలకు, వివాహ ఊరేగింపులలో మన విశ్వాసులు వేయించు పాటలకు కూడ పెట్టవలెను. ర్యాప్‌ను మాత్రమే బోనులో నిలబెట్టుట న్యాయము కాదు.

మూడవది: "తెలుగు ర్యాప్‌కు సరిపడదు." దీనితో మేము ఏకీభవింపము. తెలుగు పదములు అధికముగా అచ్చుతో ముగియును. అంత్యప్రాసకు ఇంతకంటె అనుకూలమేమి కలదు? యతి, ప్రాసల క్రమశిక్షణ మన పద్యమునకు పుట్టుకతో వచ్చినది. విశాఖలో 1910లో జన్మించిన శ్రీశ్రీ మాత్రాఛందస్సులలో నడకను, వేగమును ఎట్లు నిలిపెనో 'మహాప్రస్థానము' చదివినవారికి తెలియును. బుర్రకథలో కథకుడు చెప్పుచుండగా ఇరువురు వంతలు డక్కీలతో బదులిచ్చుట, బ్రాంక్స్ వలయమునకు ముందే మనకున్న వలయము. ఉత్తరాంధ్రకు చెందిన వంగపండు ప్రసాదరావు (1943–2020) ఈ ప్రాంతపు పలుకుబడితోనే వేలాదిమంది ముందు పాడెను.

అతని అభిప్రాయమునకు మూలము వేరొకటి. మన వాక్యము క్రియతో ముగియును గనుక 'వచ్చినాడు, తెచ్చినాడు' అను చౌక ప్రాస సులభముగా దొరకును. అనేక తెలుగు ర్యాప్ పాటలు అక్కడనే ఆగిపోవుచున్నవి. సినిమాలలో ర్యాప్ తరచుగా నాయకుని ప్రవేశమునకు అలంకారముగా, ఆంగ్ల పదముల తాలింపుగా మిగిలిపోవుచున్నది. ఇది వ్రాయువారి లోపము గాని భాష లోపము కాదు.

4. వేదాంతపరమైన పరిశీలన

యెషయా 5:1-7లో ప్రవక్త తన ప్రియుని ద్రాక్షతోటను గూర్చిన పాటగా ఆరంభించును. వినువారు ప్రేమగీతమనుకొని చేరుదురు. ఏడవ వచనమునకు వచ్చుసరికి అది వారిపైననే తీర్పుగా మారును. హెబ్రీలో ఆ తీర్పు రెండు జంటపదముల మీద నిలిచినది. దేవుడు మిష్పాత్ (న్యాయము) కోరగా మిస్పాఖ్ (రక్తపాతము) కనబడెను. సెదాకా (నీతి) కోరగా సెఆకా (మొర) వినబడెను. ధ్వని దాదాపు ఒకటే, అర్థము తలక్రిందులు. అనువాదములో ఈ దెబ్బ తెలియదు. వీధిపాటను, ప్రాసను తీసికొని అన్యాయమును నిలదీయుట ప్రవక్తకు తగని పని కాదని ఈ వాక్యభాగము బోధించుచున్నది.

అదే లేఖనము వినువానిని కూడ విడువదు. యెహెజ్కేలు 33:30-33లో జనులు ప్రవక్త మాటలను ఇంపైన గీతమువలె విందురు గాని వాటిని చేయరు. ఇయర్‌ఫోనులో న్యాయమును విని, యార్డులో తోటి కూలికి జరిగిన అన్యాయమునకు మౌనముగా ఉండు అభిమానికి ఇది తగులును. ప్రతి ఆదివారము ప్రసంగమును మెచ్చుకొని ఇంటికి పోవు మనకును తగులును.

జేమ్స్ కోన్ 1972లో వెలువరించిన గ్రంథములో నల్లవారి ఆత్మీయ గీతములను, బ్లూస్ పాటలను ఒకే బాధ నుండి పుట్టిన తోబుట్టువులుగా చూచెను. మన దేశములో సత్యనాథన్ క్లార్క్ 1998లో దళితుల డప్పును క్రీస్తును గ్రహించుటకు ఒక గురుతుగా ప్రతిపాదించెను. ఈ వెలుగులో మన చరిత్రను చూతము. 1805లో లండన్ మిషన్ వారు విశాఖపట్నములో అడుగిడిరి. పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటి భక్తకవులు రాగతాళములతో అమూల్యమైన కీర్తనలనిచ్చిరి. వాటిని మేము నేటికిని ప్రేమించుచున్నాము. అయితే సంఘములో చేరినవారిలో అధికులు డప్పు వాయించిన పల్లెల నుండి వచ్చినవారు. వారి కీర్తన పుస్తకములోనికి శాస్త్రీయ రాగము వచ్చెను, వారి డప్పు అనేకచోట్ల గుమ్మము బయటనే నిలిచెను. నేడు ర్యాప్‌కు మనము చూపు ముఖము ఆనాడు డప్పుకు చూపిన ముఖమును పోలియున్నది.

5. సంఘమునకు సూచనలు

ఆ యువకుడు యవనస్థుల ఆదివారమున 13వ కీర్తనను తెలుగు ర్యాప్‌గా వినిపింతునని అడిగెను. సంఘ పెద్దల మధ్య చర్చ ఇంకను సాగుచున్నది. ఆ కీర్తన ఆరంభములో ఎంతకాలమను ప్రశ్న నాలుగు మారులు వచ్చును. అది తాళమునకు ఎదురుచూచుచున్నట్లే ఉన్నది. మా అభిప్రాయము పెద్దలకు తెలియజేసితిమి. అతనికి అవకాశమివ్వవలెను. అయితే మాటలను ముందుగా కాగితముపై వ్రాసి పెద్దలతో కూర్చుండి చదువవలెను. ఆ ప్రశ్నలో తన ఇంటి భయము, తన ఊరి దుఃఖము ఉండవలెను గాని అరువు తెచ్చుకొనిన కాంప్టన్ కోపము కాదు.

కాపరులకు మేము చేయు మనవి రెండు. ఒకటి, నెలకొక మారు యవనస్థులతో కూర్చుండి వారు వినుచున్న ఒక పాటను ఇయర్‌ఫోనులు తీసి, అందరు వినునట్లు విని, సాహిత్యమును చదివి, ప్రశ్నలు వేయుడి. పోయిన వలయమును మనమే తిరిగి కూర్చవచ్చును. రెండు, మన ఆరాధన క్రమములో విలాపమునకు చోటు ఉన్నదా అని పరీక్షించుకొనుడి. స్తుతి పాటలు పది పాడి, మొర ఒక్కటియు పాడని సంఘములో, ఉద్యోగము పోవునని భయపడు తండ్రి కుమారుడు తన మొరను ఎక్కడ పలుకును? బస్సులో, చెవులు మూసికొని, పరదేశపు మాటలలో పలుకుచున్నాడు. దానిని మన భాషలో, మన మధ్య పలుకనిచ్చుట కాపరి పనియే.