గంజాం జిల్లా, చికాకోల్ తాలూకా

దక్షిణాఫ్రికా తెలుగువాళ్ళు ముత్తాత ఊరు వెతకడం మొదలుపెడితే ముందు పట్టుకోవలసింది ఓడ పట్టీ. మద్రాసు నుంచి వచ్చిన ‘ట్రూరో’ ఓడ డర్బన్ చేరింది 1860 నవంబరు 16న. అప్పటి నుంచి 1911 దాకా నాటాల్ చెరకు తోటలకు, గనులకు, రైలు పనులకు 1,52,184 మంది గిర్మిట్ (ఒప్పందపు) కూలీలుగా వెళ్ళారు. పట్టీలో మనిషికో నంబరు. దాని పక్కన పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఎత్తు, ఒంటి మీద మచ్చ, జిల్లా, తాలూకా, ఊరు. భూమీ పుట్రా లేని సామాన్యుడి గురించి ఆ రోజుల్లో ఇంత వివరం రాసిపెట్టిన కాగితం ఇక్కడ దొరకడం అరుదు. ఊళ్ళో ఉండిపోయిన అన్నకు లేని చరిత్ర ఓడెక్కిన తమ్ముడికి ఉంది.

వెతికేవాళ్ళను తప్పుదారి పట్టించేది జిల్లా పేరు. పట్టీలో ‘గంజాం’ అని కనబడగానే ఒడిశా వైపు చూడడం సహజం. కానీ శ్రీకాకుళం, టెక్కలి, సోంపేట ప్రాంతాలు ఒకప్పుడు గంజాం జిల్లావే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రం అయినప్పుడు ఈ తెలుగు నేల విశాఖపట్నం జిల్లాలోకి వచ్చింది. శ్రీకాకుళం జిల్లా పుట్టింది 1950 ఆగస్టు 15న. శ్రీముఖలింగం పర్లాకిమిడి జమీందారీలోని ఊరు. పర్లాకిమిడి పట్నం అటు ఒడిశాలోకి పోయింది, వంశధార ఒడ్డున ఉన్న ఈ ఊరు ఇటు మిగిలింది. విజయనగరం ప్రాంతం వాళ్ళ జిల్లా పట్టీలో ‘విజగపటం’. ‘చికాకోల్’ అంటే శ్రీకాకుళం. పాత తాలూకా పటం పక్కన లేకుండా పట్టీ చదివితే కాలయాపన తప్ప ఏమీ మిగలదు.

ఊరి పేరు మరో తంటా. చెప్పినవాడిది ఉత్తరాంధ్ర యాస, రాసిన గుమస్తాది ఇంగ్లీషు అక్షరం. పేరు మొదట్లో ఏం రాశాడో తేలకపోయినా చివర ‘వలస’, ‘పేట’, ‘పాలెం’ తెలిస్తే కొంత నయం. అయితే ఒకే పేరున్న ఊళ్ళు గంజాం, విజగపటం జిల్లాల్లో బోలెడు. అలాంటప్పుడు పనికొచ్చేది ముందూ వెనకా నంబర్లు. ఒక ఊరివాళ్ళు, ఒక ఇంటివాళ్ళు కలిసి బయలుదేరితే నంబర్లు వరసగా పడే అవకాశం ఉంది. తమవాడి వరస ఒక్కటే చూసి పట్టీ మూసేసేవారు అసలు ఆధారాన్ని పక్కనే వదిలేసినట్టు.

పట్టీలో చాలాసార్లు లేనిది ఇంటిపేరు. ‘అప్పడు, తండ్రి ముత్యాలు’ అని ఉందనుకుందాం. అలాంటి అప్పళ్ళు ఊరికి నలుగురు. నాటాల్‌లో పుట్టిన పిల్లలకు తండ్రి పేరో తాత పేరో ఇంటిపేరుగా స్థిరపడింది. కొందరికి ‘నాయుడు’ ఇంటిపేరయింది. అంటే డర్బన్ మనవడి పేరు చివర ఉన్న అప్పలస్వామి ఒక మనిషి పేరే కావచ్చు, వంశం పేరు కానక్కరలేదు. పేర్లలో దేవుళ్ళు కొంత దారి చూపిస్తారు. ముఖలింగం అంటే వంశధార పరిసరాలు, కూర్మయ్య అంటే శ్రీకూర్మం వైపు అనుకోవచ్చు. సింహాచలం అప్పన్న పేరు మాత్రం ఉత్తరాంధ్ర అంతటా ఉంది కాబట్టి దానితో పని జరగదు.

రాజులకు ఈ ఇబ్బంది లేదు. శ్రీముఖలింగమే తూర్పు గాంగుల రాజధాని కళింగనగరమని ఇక్కడి శాసనాల ఆధారంగా చెప్పినవాడు గిడుగు రామమూర్తి. పక్కనున్న పర్వతాలపేటలో 1863లో పుట్టినవాడు, పాత లిపులు సొంతంగా నేర్చుకున్నవాడు. 1078లో పట్టానికి వచ్చిన అనంతవర్మ చోడగంగదేవుడి రాగిరేకులు ఆ వంశాన్ని చంద్రుడి మీదుగా విష్ణువు దాకా తీసుకెళ్తాయి. వంశవృక్షం పైకొమ్మలో దేవుడు కూర్చున్నాడంటే కింది కొమ్మలనూ ఒకసారి తడిమి చూసుకోవడం మంచిది. గుమస్తా రాసిన పట్టీలో తప్పులుంటాయి గానీ పొగడ్త ఉండదు.

కాగితం ఊరి పొలిమేర దాకా తెస్తుంది. అక్కడి నుంచి నోటిమాటే. భూమి రికార్డుల కోసం తిరగడం చాలామంది విషయంలో దండగ, ఓడెక్కినవాళ్ళలో ఎక్కువమందికి సొంత భూమి ఉండేది కాదు. ‘మీ ఇంటిపేరేటి?’ అని అడగడం కన్నా, సంక్రాంతికి పెద్దలకు బట్టలు పెట్టేటప్పుడు ఎవరెవరి పేర్లు తలుచుకుంటారని ఇంట్లో పెద్దామెను అడిగితే పని త్వరగా జరుగుతుంది. మగవాళ్ళు తాత పేరు దగ్గర ఆగిపోతే, ఆమె ఆ తాత మేనత్త ఏ ఊరికి కోడలుగా వెళ్ళిందో కూడా చెప్పవచ్చు. వెళ్ళి తిరిగి రానివాడి ప్రస్తావన వస్తే దేశం పేరు పట్టించుకోకూడదు. ఇక్కడ పరాయి దేశం అంటే రంగమే, అంటే రంగూన్. బర్మాకు వెళ్ళినవాళ్ళు మేస్త్రీల వెంట, ఎక్కువమంది గిర్మిట్ లేకుండా వెళ్ళారు. దగ్గరి దేశానికి పోయినవాళ్ళకు నాటాల్ లాంటి పట్టీ లేకపోవడం విడ్డూరం.

ఈమధ్య డీఎన్ఏ పరీక్ష మీద ఆశ పెరిగింది. మేనరికాలు తరతరాలుగా ఉన్న కులాల్లో ఒకే బంధుత్వం నాలుగు దారుల్లో కలుస్తుంది. అయిదారు తరాల దూరపు చుట్టం అంతకన్నా దగ్గరి చుట్టంలా తేలవచ్చు. పరీక్ష ‘చుట్టరికం ఉంది’ అన్నంతవరకే నమ్మదగింది.

ఊరు, కులం, తండ్రి పేరు మూడూ కుదిరి, ఉండిపోయిన అన్నదమ్ముల పిల్లల వరస కూడా కలిస్తే వృక్షంలో నిండు గీత గీయవచ్చు. ఊరూ కులం మాత్రమే కలిస్తే చుక్కల గీత. దక్షిణాఫ్రికా వైపు మరణ పత్రాలు, కుటుంబ దస్త్రాలు పీటర్‌మారిట్జ్‌బర్గ్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. వాటిలో తల్లి పేరు దొరికితే ఆ చుక్కల గీతను మళ్ళీ ఊళ్ళో అడిగి చూడాలి.