గోపురమూ, కిటికీలూ

మాచారెడ్డిలో ఒకనాడు పిల్లలకు పల్నాటి యుద్ధం కథ చెబుతున్నాను. అన్న సైన్యంలో ఉన్న ఒక పిల్లవాడు లేచి, "బాలచంద్రుని పేరు మిగిలింది సార్, ఆయనెంట పోయిన బంట్ల పేర్లేమైనయి?" అన్నాడు. ఏళ్ల తరబడి దాన్ని శౌర్యగాథగానే చెబుతూ వచ్చిన నాకు జవాబు తోచలేదు. ఆ ప్రశ్నే ఈ వ్యాసానికి మూలం.

12వ శతాబ్దపు ఆ యుద్ధానికి కారంపూడి వీరుల గుడి స్మారకం. ఏటా కార్తీక అమావాస్య నుంచి ఐదు రోజులు అక్కడ వీరారాధన జరుగుతుంది. పూజలందుకొనేవి వీరుల ఆయుధాలు. శ్రీనాథుడిదిగా చెప్పే ద్విపద కావ్యమూ ఆయుధం పట్టిన నాయకుల చుట్టే తిరుగుతుంది. నలగాముడు, మలిదేవుడు సవతి అన్నదమ్ములు. వారి తగవు రాజ్యభాగం కోసం. అందులో బంటుకు దక్కే భాగమేమిటని కావ్యం అడగదు.

దీని పక్కన ఫ్రాన్సులో వెర్డున్ దగ్గర, డూమాన్ గుట్ట మీది అస్థికా మందిరాన్ని పెట్టి చూద్దాం. 1916లో పది నెలలు సాగిన పోరులో మరణించి, గుర్తు తెలియకుండా పోయిన సుమారు 1,30,000 మంది ఫ్రెంచి, జర్మన్ సైనికుల ఎముకలు అక్కడ కలిసిపోయి ఉన్నాయి. 1932లో దాన్ని ప్రారంభించారు. నేను ఛాయాచిత్రాలే చూశాను. 46 మీటర్ల గోపురం తలెత్తి చూడమంటుంది. గోడ అడుగున ఉన్న చిన్న కిటికీలు వంగి చూడమంటాయి. గోపురం త్యాగమంటుంది. కిటికీలో కనిపించే ఎముక ఏ దేశానిదో ఎవరూ చెప్పలేరు. నా దృష్టిలో ఆ కట్టడంలోని సత్యం కిటికీల దగ్గరే ఉంది.

మృత్యువు అందరినీ సమం చేసిందని కొందరు మెచ్చుకోవచ్చు. నేను ఒప్పుకోను. పేరు పోగొట్టుకుని పొందే సమానత్వం ఎవరికి కావాలి? ఈ చోట మన వీరగాథే ఒక మెట్టు పైన ఉంది. బ్రహ్మనాయుడి చాపకూడు బతికున్నవాళ్లను ఒకే చాప మీద కూర్చోబెట్టింది. మాల కన్నమదాసును సేనానిని చేసింది. విమర్శకులు కత్తియుద్ధాలను పొగిడినంతగా ఈ అన్నం ముద్దను పట్టించుకోలేదు. నేనూ పట్టించుకోలేదు.

యుద్ధం మీద రాయబోయే మిత్రులకు నా మనవి ఒక్కటే. గోపురాలు కట్టడానికి ప్రభుత్వాలున్నాయి. మనం కిటికీలు తెరవాలి. చచ్చినవాడి పేరు, ఊరు, వాడిని ఆ పోరుకు తోలినవాడి పేరు కూడా రాయాలి. ఆ పిల్లవాడికి నేను బాకీపడ్డ జవాబు అదే.