రాతలున్న పుస్తకానికి రేటు తక్కువ

నాన్న పోయిన ఏడాదికి అమ్మ ఒకరోజు ఫోన్‌లో అంది: "ఈ యుద్ధాలన్నీ తీయించెయ్యమ్మా, దుమ్ము దులపలేక ఛస్తున్నాను." యుద్ధాలంటే నాన్న పుస్తకాలు. ముందుగదిలో రెండు బీరువాలు, మెట్లకింద నాలుగు అట్టపెట్టెలు. నాన్న మిలటరీలో ఈఎంఇలో పనిచేసి సుబేదారుగా రిటైరై, తిరుమలగిరి దగ్గర ఇల్లు కట్టుకున్నాడు. ఆ తర్వాత ముప్ఫై ఏళ్లపాటు ఆదివారం ఆదివారం ఆబిడ్స్‌కి వెళ్లి, మూసేసిన షాపుల ముందు పేవ్‌మెంట్ల మీద పరిచిన కుప్పల్లోంచి ఏరుకుని తెచ్చుకున్న పుస్తకాలవి. బర్మా, ఉత్తర ఆఫ్రికా, 62, 65, 71. జనరళ్ల ఆత్మకథలు, రెజిమెంట్ల చరిత్రలు, మడతపెట్టిన మ్యాపులు. అమ్మ ఏడో తరగతి దాకా చదివింది. ఆ ఇంగ్లీషు పుస్తకాల్లో ఒక్కటీ చదవలేదు. తుడిచింది, ఎండబెట్టింది, కలరా ఉండలు వేసింది.

పాత మిలటరీ పుస్తకాలూ పతకాలూ కొనే ఒక వ్యాపారిని పిలిపించాను. మర్యాదస్తుడే. పని తెలిసినవాడు. అతను పుస్తకం పట్టుకునే తీరు చూస్తూ కూర్చున్నాను. ముందు పై అట్ట ఉందా లేదా, తర్వాత ఏ సంవత్సరం ముద్రణ, ఆపైన మ్యాపులన్నీ ఉన్నాయా, చివరికి కాగితం మీద గోధుమరంగు మచ్చలూ పురుగు తొలిచిన బెజ్జాలూ. లోపల ఏం రాసుందన్నది ఒక్క పుస్తకంలోనూ చూడలేదు. చూడనక్కర్లేదు కూడా, ఏ జనరల్ ఏం రాశాడో అతనికి నాకంటే బాగా తెలుసు. నాన్న ప్రాణంగా చూసుకున్న చర్చిల్ ఆరు సంపుటాలనీ పక్కకి నెట్టేశాడు. మొదటి ముద్రణే లక్షకు పైగా వేశారట, ఎక్కడ చూసినా అవేనట. స్లిమ్ రాసిన 'డిఫీట్ ఇంటు విక్టరీ', 1956 నాటిది, చేతిలోకి తీసుకున్నప్పుడు మాత్రం అతని కళ్లు మెరిశాయి. బర్మాలో పోరాడిన పద్నాలుగో సైన్యం కథ అది. ఆ సైన్యంలో ఎక్కువమంది మన దేశపు సిపాయిలే. వెనకపేజీ తిప్పాడు. మొహం చిన్నబుచ్చుకున్నాడు.

"రాతలున్నాయి మేడమ్. ఇలా రాతలుంటే సగానికి సగం పడిపోతుంది."

ఆ రాతలు అమ్మవి.

1971లో నాన్న తూర్పు సరిహద్దుకి వెళ్లేముందు ట్రంకుపెట్టె తాడేపల్లిగూడెం పక్కన మా తాతగారి ఊళ్లో పెట్టి వెళ్లాడు. చేతికి కాగితం దొరకని ఆ ఇంట్లో అమ్మ ఆ పుస్తకం చివర తెల్లపేజీల మీద లెక్కలు రాసుకుంది. ఎడమవైపు పాలు, కిరసనాయిలు, నాకు కొన్న మందు. కుడివైపు తను నాన్నకి రాసిన ఉత్తరాల తేదీలు. డిసెంబరు 5, రాశాను. 8, రాశాను. 12, రాశాను. 15, రాశాను. పక్కన జవాబు కోసం ఒక గడి గీసుకుంది. అది నెల పైన ఖాళీగా ఉంది. డిసెంబరు 16న ఢాకాలో నియాజీ అరోరా ముందు సంతకం పెట్టాడు, ఈ బీరువాల్లో కనీసం ఎనిమిది పుస్తకాలు ఆ సాయంత్రాన్ని నిమిషం నిమిషం వర్ణిస్తాయి. అమ్మ పేజీలో ఆ తేదీన ఉన్నది "పాలవాడికి 6 రూ. ఇచ్చాను" అని. జవాబు గడిలో మొదటి టిక్కు జనవరి 11.

నేను ఇది వ్యాపారికి చెప్పబోయాను. అమ్మే అడ్డొచ్చి, నవ్వుతూ అడిగింది: "ఆ కాగితం చింపేస్తే రేటు పెరుగుతుందా బాబూ?" చింపితే ఇంకా తగ్గుతుందని అతను చాలా సీరియస్‌గా చెప్పాడు.

అప్పట్నుంచీ ఈ 'రాతలు' అన్న మాట నన్ను వదల్లేదు. పాత పుస్తకాల వ్యాపారంలో అది లోపాల జాబితాలోది. చెద, తడి, చిరుగు, రాతలు. దీనికి ఒక్కటే మినహాయింపు. రాసినవాడు పేరున్నవాడైతే అదే రాత ధరని పదింతలు చేస్తుంది. ఒక బ్రిగేడియర్ మార్జిన్‌లో "తప్పు, నేనక్కడ ఉన్నాను" అని రాస్తే అది చరిత్రకి ఆధారం. ఆ బ్రిగేడియర్ భార్య అదే పేజీలో చాకలిపద్దు రాస్తే మరక. దీన్ని ఆ వ్యాపారి దుర్మార్గం అనుకుంటే మనం తేలిగ్గా తప్పించుకున్నట్టే. యుద్ధమంటే ఏమిటి, అది ఎక్కడ జరుగుతుంది అన్నది ముందే తేలిపోయింది, అతను దానికి ధర కడుతున్నాడంతే. మన యూనివర్సిటీ లైబ్రరీలు ఆ పుస్తకాలకి నంబర్లు వేసే పద్ధతి ఇంతకంటే గొప్పగా ఏమీ లేదు.

అసలు సంగతి దీనికంటే విచిత్రమైనది. అదే బీరువాలో ఒక అరలో నా పుస్తకాలు కొన్ని ఉండిపోయాయి. అతను వాటిలోంచి ఒకటి లాగాడు. స్వెత్లానా అలెక్సీవిచ్ పుస్తకం, మాస్కో ప్రోగ్రెస్ పబ్లిషర్స్ 1988లో వేసిన ఇంగ్లీషు అనువాదం. పేరుకి అర్థం, యుద్ధం ముఖం ఆడది కాదని. సోవియట్ యూనియన్ పోయాక, విశాలాంధ్ర వ్యాన్లలో మనం చిల్లరకి కొనుక్కున్న పుస్తకాలన్నీ పేవ్‌మెంట్ మీదికి వచ్చిన రోజుల్లో, ఆబిడ్స్‌లో పదిహేను రూపాయలకి కొన్నాను. వారపత్రికల సీరియల్ నవలల కుప్పలో దొరికింది. అట్టమీద ఆడవాళ్ల ప్రసక్తి ఉంది కాబట్టి అక్కడ వేసి ఉంటాడు. పక్కన హిట్లర్, రోమెల్ ఉన్న కుప్పలో వెయ్యలేదు. ఇప్పుడు ఈయన దీనికి చర్చిల్ ఆరు సంపుటాలకంటే ఎక్కువ ఇస్తానన్నాడు. 2015లో ఆమెకి నోబెల్ వచ్చింది కదా, ఇది ఇంగ్లీషులో మొదటి ముద్రణ కదా అన్నాడు.

నేను యుద్ధ సాహిత్యం పాఠం చెబుతాను. ఆ పుస్తకం రెండు రూపాల్లో నా దగ్గరుంది. రెండోది 2017లో పెంగ్విన్ వేసిన కొత్త అనువాదం. రెండో ప్రపంచయుద్ధంలో సోవియట్ సైన్యంలో పనిచేసిన స్త్రీలు, స్నైపర్లు, నర్సులు, విమానాలు నడిపినవాళ్లు, బట్టలుతికినవాళ్లు, వందలమందిని కలిసి ఆమె రాసుకున్న మాటలవి. 1985లో రష్యన్‌లో పుస్తకంగా వచ్చినప్పుడు సెన్సారు కొన్ని తీసేసింది. సెన్సారుకి భయపడో, ఆనాటి తన నమ్మకాల వల్లనో తానే కొన్ని తీసేసుకున్నానని అలెక్సీవిచ్ తర్వాత చెప్పింది. సోవియట్ యూనియన్ పోయాక వచ్చిన ముద్రణలో వాటిని తిరిగి చేర్చింది. నెలసరి, ఆకలి, గెలిచిన సైన్యం తన దారిలో ఆడవాళ్లకి చేసినవి. 2017 అనువాదంలో అవున్నాయి. 1988 పుస్తకంలో లేవు.

అంటే, సేకరించేవాళ్లు ఎక్కువ డబ్బు పెట్టి కొనే ప్రతి, ఆ ఆడవాళ్లు తక్కువ మాట్లాడిన ప్రతి. 'మొదటి ముద్రణ' అన్న విలువ మగ రచయిత విషయంలో ఎలా పుట్టిందో ఊహించగలం. అతను అనుకున్నది మొదటిసారిగా అచ్చయి వచ్చిన రూపం కాబట్టి అది స్వచ్ఛం. యుద్ధం గురించి రాసిన స్త్రీకి చాలాసార్లు మొదటి ముద్రణే బేరసారాలు ఎక్కువ జరిగిన ముద్రణ. ఆన్ ఫ్రాంక్ డైరీని చూడండి. 1947లో ఆమ్‌స్టర్‌డామ్‌లో వచ్చిన మొదటి పుస్తకంలో, తన శరీరం గురించీ తల్లిమీద కోపం గురించీ ఆ పిల్ల రాసుకున్న కొన్ని భాగాలు లేవు. బతికి బయటపడ్డ తండ్రి, చనిపోయిన భార్యనీ కూతుర్నీ కాపాడుకుందామనే తీసి ఉంటాడు, ఆయన్ని నేను తప్పుపట్టలేను. పూర్తి పాఠం పండితుల ముద్రణగా 1986లో గానీ రాలేదు. మొదటి డచ్ ముద్రణ ఇవాళ వేలం శాలల్లో ఉంటుంది. పూర్తి డైరీ ఏ పేవ్‌మెంట్ మీదైనా దొరుకుతుంది.

1945లో సోవియట్ సైన్యం బెర్లిన్‌లో ప్రవేశించిన వారాల గురించి పేరు చెప్పకుండా ఒక స్త్రీ రాసిన డైరీది ఇంకో రకం కథ. అది ముందు 1954లో అమెరికాలో ఇంగ్లీషులో వచ్చింది. ఆమె సొంత భాషలో రావడానికి 1959 దాకా ఆగాలి, అదీ జర్మనీలో కాదు, జెనీవాలో. వచ్చాక, జర్మన్ స్త్రీల పరువు తీసిందని తిట్టారు. తను బతికుండగా మళ్లీ అచ్చు వెయ్యొద్దంది. నలభై ఏళ్లపాటు ఆ పుస్తకం పాత ప్రతులుగా, ఫొటోకాపీలుగా చేతులు మారింది. ఆమె 2001లో పోయింది, 2003లో మళ్లీ వేశారు. వేసిన ఏడాదే ఒక పాత్రికేయుడు ఆమె పేరు బయటపెట్టాడు. అది ఇప్పుడు అందరికీ తెలిసిన పేరే, అయినా నేనిక్కడ రాయను. సేకరణ అన్న జబ్బు చివరికి అక్కడికి చేరుతుంది, వస్తువు చాలదు, మనిషి కూడా కావాలి.

నాన్న బీరువాలో 71 మీద అన్ని పుస్తకాలున్నాయా, యుద్ధం తర్వాత బంగ్లాదేశ్ ప్రభుత్వం 'బీరాంగనలు' అని పేరుపెట్టిన స్త్రీల మాటలున్న పుస్తకం ఒక్కటీ లేదు. వాళ్లలో కొందరి కథల్ని నీలిమా ఇబ్రహీం 1990ల్లో బెంగాలీలో పుస్తకంగా తెచ్చింది. నాన్న కావాలని వదిలేశాడని అనను. ఆ కుప్పలో అది ఉండి ఉండదు. ఆయన వెతికిన కుప్పకి 'యుద్ధం' అని పేరు, అది వేరే కుప్ప.

ఇంతా చెప్పి నా సంగతి దాచుకుంటే బాగుండదు. స్త్రీ శక్తి సంఘటన వాళ్లు 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' నా దగ్గర రెండు ప్రతులున్నాయి. తెలంగాణ సాయుధ పోరాటంలో దళాల్లో తిరిగిన, కొరియర్లుగా పనిచేసిన, అడవిలో కన్నబిడ్డని వదులుకున్న ఆడవాళ్లు తమ గొంతుతో చెప్పిన చరిత్ర. రెండో ప్రతి కోఠీలో కొన్నాను. లోపల మొదటి పేజీలో ఒకావిడ తన కోడలికి ఇస్తూ రాసిన నాలుగు వాక్యాలున్నాయి. కోడలు దాన్ని ఎందుకు అమ్మిందో, అసలు తనే అమ్మిందో లేదో! కుర్రాడు నలభై అంటే, ఆ రాతలు చూపించి నేను ఇరవైకి బేరమాడాను. "రాసి పాడుచేశారు, చూడు" అన్నాను. ఇంటికొచ్చి ఆ నాలుగు వాక్యాలూ నా క్లాసులో చదివి వినిపించాను కూడా, బేరం సంగతి చెప్పకుండా.

సరే, మా ఇంటికి వస్తాను. పుస్తకాలయ్యాక ఆ వ్యాపారి మామూలుగా అడిగే ప్రశ్న అడిగాడు. పతకాలు, బ్యాడ్జీలు, ఉత్తరాలు? పతకాలు అన్నయ్య తీసుకున్నాడు. అమ్మ బిస్కెట్ల డబ్బా ఒకటి తెచ్చింది. 99 ఏపీఓ అడ్రసుతో, ఫీల్డ్ పోస్టాఫీసు ముద్రలతో ఉన్న కవర్లు. అతను ఒక్కొక్క ముద్రనీ వెలుతురుకి పట్టి చూశాడు. ఆ ముద్రల్లోని నంబరుని బట్టి ఏ దళం ఏ తేదీన ఎక్కడుందో కనిపెట్టేవాళ్లున్నారట, వాళ్లకి కవరు చాలు. "ఉత్తరాలు మీరే ఉంచుకోండమ్మా, కవర్లిస్తే చాలు" అన్నాడు, మాకేదో మేలు చేస్తున్నట్టు.

లోపల ఉత్తరాల్లేవు. అమ్మ వాటిని ఎప్పుడో కాల్చేసింది, ఎప్పుడో చెప్పలేదు, ఎందుకో నేను అడగలేదు. తను రాసినవి ఎటూ లేవు. ఫ్రంట్‌లో తిరిగే మనిషి ఉత్తరాలు ఎక్కడ దాస్తాడు? మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రాన్స్‌కి వెళ్లిన మన సిపాయిల ఉత్తరాలు సెన్సారువాళ్లు అనువదించి ఎత్తిరాసుకున్నందువల్ల లండన్‌లో మిగిలాయి, 1999లో డేవిడ్ ఒమిస్సీ వాటిలోంచి ఒక సంకలనం వేశాడు. అందులోనూ ఇళ్లనించి ఆడవాళ్లు రాసినవి చాలా తక్కువ. నేను ఈ ధోరణిలో ఆలోచిస్తూ, అమ్మా, కవర్లు ఎందుకు, ఇచ్చెయ్ అనబోయాను. అమ్మ డబ్బా మూత పెట్టేసింది.

అతను వెళ్లాక అడిగితే, ఒక కవరు తీసి నా చేతిలో పెట్టింది. దాని మీద నాన్న గుండ్రటి అక్షరాల్లో అమ్మ పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా, ముందు శ్రీమతి, చివర గారికి. "ఈ ఇంటి కాగితాలు, కరెంటు బిల్లు, గ్యాసు, అన్నీ మీ నాన్న పేరు మీదే. పెన్షన్ పుస్తకంలోనూ ఫలానా సుబేదారు భార్య అనే. నా పేరు పెట్టి పోస్టులో వచ్చినవి ఇవే" అంది. తర్వాత, మధ్యాహ్నానికి చారు చాలా, పప్పు కూడా పెట్టమంటావా అని అడిగింది.

చర్చిల్, ఇంకా రెండొందల పైచిలుకు పుస్తకాలు వెళ్లిపోయాయి. వచ్చిన డబ్బు బ్యాంకులో అమ్మ పేరున వేశాం. స్లిమ్ నేను తెచ్చుకున్నాను, అమ్మ అడిగితే ఇచ్చేస్తాను. అలెక్సీవిచ్‌ని అమ్మలేదు. నా దగ్గర ఎంఫిల్ చేసిన అమ్మాయి ఇప్పుడు ఎక్కడో లెక్చరరు, ఆమె అడిగితే రెండు అనువాదాలూ ఇచ్చాను. పాత ప్రతిలో ఏ మాట ఎక్కడ లేదో పెన్సిల్‌తో మార్జిన్‌లో గుర్తు పెడుతోంది. సగం దాకా వచ్చానని మొన్న ఫోన్ చేసింది.