పిలవకుండానే వచ్చే ఆలోచన

ఏరన్ బెక్ అమెరికాలోని ఫిలడెల్ఫియాలో సైకియాట్రిస్టు. మొదట్లో ఆయనది ఫ్రాయిడ్ దారి. పేషెంటు పడుకుని తోచిందల్లా చెప్పాలి, డాక్టరు వింటూ దాని లోతుల్లో దాగిన అర్థం వెతకాలి. ఒకామె తన సొంత సంగతులు చెబుతూ కంగారుపడిపోతుంటే, ఆ సంగతులకు సిగ్గుపడుతోందని బెక్ అనుకున్నారు. కదిపి అడిగితే ఆమె దిగులు వేరే. తన మాటలు డాక్టరుకి విసుగు పుట్టిస్తున్నాయేమోనని!

పైకి చెప్పే కథ ఒకటి, లోపల నడిచే మాట ఇంకొకటి. ఆ లోపలి మాటకు బెక్ ‘ఆటోమేటిక్ థాట్’ అని పేరు పెట్టారు. పిలవకుండానే వచ్చి, నిజంలా కూర్చుండిపోయే ఆలోచన అది. 1960లలో ఆయన దానిచుట్టూ అల్లిన చికిత్సే, ఈరోజు సీబీటీ అని పిలుచుకునే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీకి ఒక పునాది. 2021లో నూరేళ్ల వయసులో కన్నుమూసేనాటికి ఆయన పద్ధతి ప్రపంచమంతా పాకింది.

మనవైపు సైకోథెరపీ అనగానే ఎవరో కూర్చోబెట్టి నాలుగు మంచి మాటలు చెబుతారనుకుంటారు. ‘మనసు గట్టి చేసుకో’, ‘అన్నీ మనసులో పెట్టుకోకు’ అని ఇంటిల్లిపాదీ అప్పటికే చెప్పి ఉంటారు. ఆ మాటలతో తగ్గేదైతే ఎప్పుడో తగ్గేది. థెరపిస్టు దగ్గర జరిగేది ఓదార్పు కన్నా పని. అందులో సగం పేషెంటే చేయాలి.

ఒక ఉదాహరణ చూద్దాం. రాత్రి పదింటికి మేనేజరు నుంచి మెసేజ్ వచ్చింది: ‘రేపు ఒకసారి కలువు.’ అంతే, ఆ అమ్మాయికి నిద్ర లేదు. థెరపిస్టు ఆమె చేతికి గళ్లు గీసిన కాగితం ఇస్తారు. ఏం జరిగింది? మెసేజ్ వచ్చింది. ఏమనిపించింది? ఉద్యోగం పోయింది. ఎంత నమ్మకం? వందకు తొంభై. దీనికి రుజువేమిటి? అక్కడ పెన్ను ఆగుతుంది. కాదనడానికి రుజువు? పోయిన నెల కూడా ఇలాగే పిలిచి కొత్త పని అప్పగించారు. ఇప్పుడెంత నమ్మకం? ఏభై. ఆ నలభై తగ్గినందుకే ఆ రాత్రి కాస్త కునుకు పడుతుంది. ‘అంతా మంచే జరుగుతుంది’ అని ఎవరూ ఆమెకు చెప్పలేదు. ఉన్నది ఉన్నట్టు చూడమన్నారు, అంతే.

భయాలకు దారి వేరు. లిఫ్టంటే హడలిపోయే మనిషి మొదట తలుపు ముందు నిలబడతాడు, తర్వాత లోపల అడుగుపెడతాడు, ఆ పైన ఒక్క అంతస్తు ఎక్కుతాడు. భయం వచ్చినా పారిపోకుండా నిలబడితే, అనుకున్న ప్రమాదం జరగదని మెల్లగా అనుభవంలోకి వస్తుంది.

ఇదంతా పెద్ద నగరాల సరంజామా అనుకోనక్కర్లేదు. గోవాలో సైకియాట్రిస్టు విక్రమ్ పటేల్ బృందం మానసిక వైద్యంలో చదువు లేని స్థానికులకే శిక్షణ ఇచ్చి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో కూర్చోబెట్టింది. డిప్రెషన్‌లో వదిలేసిన పనుల్ని ఒక్కొక్కటే మళ్లీ మొదలుపెట్టించడం వాళ్ల పని. ఆరు నుంచి ఎనిమిది సార్లు కలవడం, అంతే. మూడు నెలలకు చూస్తే మామూలు వైద్యం అందినవారిలో 39 శాతం, ఈ సాయం కూడా అందినవారిలో 64 శాతం తేరుకున్నారు. ‘మన జనానికి ఇవి పనికిరావు’ అనేవారికి ఇంతకన్నా జవాబు ఏం కావాలి?

థెరపిస్టు దగ్గర తొలిరోజు ఎక్కువగా ప్రశ్నలే ఉంటాయి: నిద్ర, తిండి, పని, ఇల్లు, చనిపోవాలన్న ఆలోచనలు వస్తున్నాయా అన్నది కూడా. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు, అడగడమే మంచిది. చెప్పినవి గోప్యంగా ఉంచాలని 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం చెబుతోంది. ప్రాణాపాయం ఉంటే మినహాయింపు ఉంటుంది. సాధారణంగా వారానికి ఒకసారి, ముప్పావుగంటో గంటో కూర్చుంటారు. మొదటి వారాల్లో మనసు ఇంకా బరువెక్కినట్టు ఉండొచ్చు, దాచుకున్నవి బయటకొస్తున్నాయి మరి. కుదరకపోతే థెరపిస్టుకు ఆ మాట చెప్పొచ్చు, మార్చుకోనూ వచ్చు. జబ్బు తీవ్రంగా ఉంటే మందులూ కావాలి, రెండూ కలిసే నడుస్తాయి. క్లినికల్ సైకాలజిస్టుకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉందా అని అడగడంలో మొహమాటం అక్కర్లేదు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియనివారికి 14416 నంబరులో ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ ఉంది. తెలుగులోనే మాట్లాడొచ్చు, ఉచితం.

చివరి సెషన్లలో ఇంకో కాగితం రాయిస్తారు. మళ్లీ జారిపోతున్నానని ముందుగా ఏది చెబుతుంది? నిద్ర చెడటమా, ఫోన్లు ఎత్తకపోవడమా? అప్పుడు ఏం చేయాలి, ఎవరికి చెప్పాలి? థెరపిస్టు పేరు ఆ కాగితంలో ఆఖరి వరుసలో ఉంటుంది. పై వరుసలన్నీ పేషెంటు సొంత చేతిరాతే.