కాష్మోరా మీద పంచనామా

హుజూర్‌నగర్ బస్టాండు దగ్గర నవలలు కిరాయికిచ్చే దుకాణంలో నాకు దొరికిన ‘తులసిదళం’ ప్రతికి అట్ట లేదు. మొదటి పేజీ మీద ఎవరో పెన్సిలుతో ‘రాత్రి చదవకండి’ అని రాశారు. ఆ రాత్రే చదివాను. చదివి, దొడ్లోకి పోవడానికి అమ్మను లేపాను.

చాలా ఏళ్ల తర్వాత మళ్లీ చదివినప్పుడు భయం తగ్గింది, గౌరవం పెరిగింది. ఆ గౌరవానికి కారణం ఒక శవపంచనామా.

మా ఊరి చెరువు కట్ట కింద ఒక మనిషి చనిపోయి కనిపిస్తే, పంచుల్లో ఒకడిగా నన్నూ పిలిచారు. చుట్టూ మూగిన జనం ‘గాలి సోకింది’ అన్నారు, ‘ఎవరో చేసిన్రు’ అన్నారు. హెడ్ కానిస్టేబులు అన్నీ విన్నాడు. కాగితం మీద మాత్రం తల ఏ దిక్కున ఉంది, కాళ్లు ఏ దిక్కున ఉన్నాయి, చొక్కా రంగేమిటి, జేబులో ఏమున్నాయి, కట్ట ఎన్ని అడుగుల దూరం అన్నవే రాశాడు. చావుకు కారణం మీద పంచుల అభిప్రాయం చివర్లో, విడిగా రాశాడు. కంటితో చూసింది వేరు, మనసుకు తోచింది వేరు. నేరపరిశోధన అంతా ఆ గీత మీదే నిలబడుతుంది.

దయ్యాన్నీ దర్యాప్తునూ ఒకే కథలో పెట్టే రచయితకు ఆ గీతే కత్తి మీద సాము. డిటెక్టివ్ యుగంధర్‌ను సృష్టించిన కొమ్మూరి సాంబశివరావు దారి ఒకటి: ఎంత చిక్కుముడి అయినా చివరికి ఆధారాలతో విప్పి, నేరస్థుణ్ణి చూపించాల్సిందే. 1971లో వచ్చిన విలియం పీటర్ బ్లాటీ ‘ది ఎక్సార్సిస్ట్’ది ఇంకో దారి. అందులో దయ్యం పట్టిన పిల్ల ఉన్న ఇంటికి, ఒక అనుమానాస్పద మృతిని వెంటాడుతూ కిండర్‌మన్ అనే పోలీసు అధికారి వస్తాడు. ఆయన వచ్చి తాపీగా ప్రశ్నలడగడం మొదలుపెట్టాకే ఆ ఇల్లు మనకు నిజమైన ఇల్లుగా కనిపిస్తుంది.

1980ల తొలినాళ్లలో ఆంధ్రభూమి వారపత్రికలో ‘తులసిదళం’ సీరియల్‌గా నడిపిన యండమూరి వీరేంద్రనాథ్ చదువు చార్టర్డ్ అకౌంటెన్సీ. ఆయన లెక్కల చూపు కథ పునాదిలోనే ఉంది. కాద్రా అనే మాంత్రికుడు, కాష్మోరా అనే క్షుద్రశక్తి గుర్తున్నంతగా మనకు గుర్తుండని సంగతి ఒకటుంది. తులసి అనే ఆ చిన్నపాప పేర పెద్ద సొమ్ము రాసి ఉంటుంది. పాప లేకపోతే అది మరొకరికి పోతుంది. అంటే భూతం వెనక ఒక ఆస్తి కాగితం ఉంది. ఏ ఎస్సై అయినా మొదట అడిగే ప్రశ్న, ‘ఈ చావుతో ఎవరికి లాభం?’ అన్నది, నవల మొదలయ్యేసరికే సిద్ధంగా ఉంది.

తర్వాతి నేర్పు కాలాన్ని బిగించడం. పాప మీద కాద్రా చేసే క్షుద్ర ప్రయోగానికి ఇరవయ్యొక్క రోజుల గడువు. రోజు గడిచేకొద్దీ పాపకు మిగిలిన ఆయువు తరుగుతుంది. వారం వారం పత్రిక కోసం కాచుకునే పాఠకుడికి ఇంతకంటే గట్టి ముడి ఏముంటుంది? ఇక్కడ శ్మశానంలో ఒక పని, అక్కడ ఇంట్లో దాని ఫలితం. రెండింటికీ సంబంధం ఉందని రచయిత ప్రమాణం చేయడు, పక్కపక్కన పెడతాడంతే. కలిపేది మనం. కట్ట కింద జనం చేసిన పనే మన చేత చేయిస్తాడు.

తండ్రి శ్రీధర్ ఇటు డాక్టర్లనూ వదలడు, అటు మంత్రాన్నీ కొట్టిపారేయలేడు. ఇది నాకు కల్పనగా అనిపించదు. మా దిక్కున జ్వరం తగ్గని పిల్లకు మెడలో అంత్రం కట్టి, అదే పొద్దున సూర్యాపేట బస్సెక్కించి ఆసుపత్రికి తీసుకుపోయిన తల్లులను చూశాను. ఏది పనిచేసిందని అడిగితే వాళ్లు చెప్పలేరు. పిల్ల బతికింది, అది చాలు వాళ్లకు.

ఈ నవల మీద రంగనాయకమ్మ ‘తులసిదళం కాదు, గంజాయి దమ్ము’ అని ఒక పుస్తకమే రాశారు. ఆ కోపాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. చేతబడి చేశారన్న అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన నేల ఇది. మూఢనమ్మకానికి అందమైన వాక్యం తోడైతే దాని బలం పెరుగుతుందన్న భయం న్యాయమైనదే. అందుకే ఈ నవలను పంచనామా చదివినట్టు చదవమంటాను. జరిగింది ఒక వరసలో, పాత్రలు అనుకున్నది ఇంకో వరసలో రాసుకుంటూ పోండి. మొదటి వరసలో చివరికి మిగిలేది డబ్బాశ, ఒక పసిపిల్ల, ఆ పిల్లను దక్కించుకోవడానికి నిద్ర మానిన తండ్రి. కాష్మోరా రెండో వరసలోనే ఉంటుంది.

చెరువు కట్ట కింద నేను సంతకం పెట్టిన కాగితంలోనూ గాలి, దయ్యం అన్న మాటలు లేవు. ఆ మనిషి జేబులో దొరికిన ఎరువుల కొట్టు బాకీ చీటీ మాత్రం ఉంది.